ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్: 'డిస్పోజ్డ్' అన్న మాటతో ఆగిపోకండి

వాయిదా తేదీ చూసుకోవడానికి ఈ ఉచిత యాప్‌ను మించింది లేదు. పదహారు అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) కొడితే దావా చరిత్రంతా వస్తుంది. నంబరు లేకపోతే పార్టీ పేరుతో వెతకొచ్చు, కానీ స్పెల్లింగుతోనే తంటా. రికార్డులో ఇంటిపేరుకు పొడి అక్షరమే ఉండొచ్చు, అందుకని అసలు పేరులో కొంత ముక్కే కొట్టండి.

చిక్కంతా స్టేటస్ దగ్గరే. 'డిస్పోజ్డ్' (కేసు ముగిసింది) అనో, 'డిఫాల్ట్ కింద కొట్టేశారు' (హాజరు కానందుకు కొట్టేశారు) అనో ఒక్క ముక్క కనిపిస్తుంది. ఇరుపక్షాలూ రాకుండా కొట్టేస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 9 రూల్ 4 కింద, కాలపరిమితి మిగిలుంటే, కొత్త దావా అయినా వేసుకోవచ్చు. ప్రతివాది వచ్చి వాది రాకపోతే రూల్ 9 ఆ దారి మూసేస్తుంది, పాత దావానే తిరిగి తెరిపించుకోవడం, అంటే పునరుద్ధరణే గతి. రెండింటికీ పునరుద్ధరణ పిటిషన్ గడువు 30 రోజులు. కాబట్టి హిస్టరీలో ఆ తేదీ నొక్కి, ఆ రోజు ఏం రాశారో చదవాలి.

ప్రతివాదికీ అంతే. 'సెట్ ఎక్స్ పార్టీ' (ప్రతివాది రాలేదని అతను లేకుండానే కేసు నడపడం) అంటే డిక్రీ, అంటే తుది తీర్పు ఉత్తర్వు, అయిపోయినట్టు కాదు. విచారణ ఇంకా నడుస్తుంటే, మళ్లీ పాల్గొననివ్వమని అదే ఆర్డర్ 9లోని రూల్ 7 పిటిషన్ సరిపోతుంది. వాదనలు ముగిసి తీర్పుకు పెట్టేశాక అది పనికిరాదు. డిక్రీ వచ్చాక దాన్ని రద్దు (సెట్ ఎసైడ్) చేయమని రూల్ 13 పిటిషన్. దానికి గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు, సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి. సమన్లు చేతికి ఇవ్వకుండా పేపరు ప్రకటన లాంటి బదులు పద్ధతిలో పంపితే, ఈ లెక్కకు అవి సరిగా అందినట్టు తీసుకోరు. కానీ మీ వకాలత్ (లాయరుకు మీరిచ్చిన అధికార పత్రం) కేసు ఫైల్లో ఉంటే 'ఇప్పుడే తెలిసింది' అనడం కష్టం.

గడువు దాటితే సెట్ ఎసైడ్ పిటిషన్‌తో పాటు ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 డిలే పిటిషన్ కూడా కావాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: రోజుల లెక్క తప్పు, అఫిడవిట్‌లో 'ఒంట్లో బాగోలేక' అని తేదీల్లేని ఒక్క వాక్యం. పిటిషన్ ఒప్పుకుంటూ కోర్టు ఖర్చులు కట్టమని షరతు పెడితే, కట్టాల్సిన ఆఖరి తేదీని కూడా రాసిపెట్టుకోండి. సీపీసీ సెక్షన్ 148 కింద ఆ గడువు పొడిగింపు మామూలుగా మొత్తం మీద 30 రోజులే. రూల్ 13 పిటిషన్ కొట్టేస్తే సీఎంఏ (పై కోర్టులో వేసే సివిల్ మిసలేనియస్ అప్పీలు) ఉంది.

యాప్ స్క్రీన్‌షాట్ కోర్టులో చెల్లదు, సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ధ్రువీకరించిన నకలుకు) అప్లికేషన్ పెట్టాల్సిందే. ఇంకో లోపం: మీరు యాప్‌లో సేవ్ చేసుకున్న కేసుల 'మై కేసెస్' జాబితా ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ మార్చేముందు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.