"గంటలో ఆన్‌లైన్ షాపు" వాళ్ళతో జాగ్రత్త, మీ డొమైన్ (సైటు అడ్రస్) ఎవరి పేరు మీద ఉందో ఇప్పుడే చూసుకోండి

ఇంటి నుంచి పచ్చళ్ళు, పొడులు, చీరలు, స్వీట్లు ఏవైనా అమ్ముకుంటూ, ఇక వెబ్‌సైట్ పెట్టేద్దాం అనుకుంటున్నవాళ్ళు ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. కంపెనీ పేరు రాయను. రాయక్కర్లేదు కూడా, రీల్స్ మధ్యలో "గంటలో మీ షాపు రెడీ, కోడింగ్ అక్కర్లేదు" అని తెలుగులో డబ్బింగ్ చెప్పించి మరీ వచ్చే యాడ్ చూడనివాళ్ళు ఈపాటికి ఎవరూ ఉండరు.

మాది తెనాలి. అత్తయ్య చేతి ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి. వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటుంటే అడ్రసులు కలిసిపోయి ఒకరి పార్సిల్ ఇంకొకరికి వెళ్తోందని పోయినేడాది సైటు పెట్టించాం. మొదటి ఏడాది 4,999 రూపాయలు, డొమైన్ ఫ్రీ. అమ్మిన కుర్రాడు ఎంత మర్యాదస్తుడంటే, "అక్కా, మీరు ఫొటోలు పంపండి చాలు, మిగతాదంతా నేను చూసుకుంటా" అని రాత్రి పదకొండింటికి కూడా ఫోన్ ఎత్తేవాడు. నిజంగానే అంతా తనే చూసుకున్నాడు, డొమైన్‌తో సహా.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త మామిడికాయ దిగింది, కారం ఆడించాం, ఏడాదిలో మాకు నాలుగు డబ్బులు కనిపించేది ఈ నెలన్నరే. సరిగ్గా శనివారం రాత్రి సైటు ఆగిపోయింది. ఆగిపోతే ఆగిపోయింది, అక్కడ ఏం పెట్టారో చూడండి. పైన మా షాపు పేరు, దాని కింద "ఈ స్టోర్ ప్రస్తుతం అందుబాటులో లేదు" అని చిన్న అక్షరాలు, ఆ కింద స్క్రీన్ సగం ఆక్రమించిన బటన్: "మీకూ ఇలాంటి స్టోర్ కావాలా? ఉచితంగా మొదలుపెట్టండి." మా కస్టమర్లు మా అడ్రస్ కొట్టి వస్తే అక్కడ వాళ్ళ దుకాణానికి ప్రచారం. డాలస్ నుంచి ఒకావిడ "ఏమ్మా, వ్యాపారం ఎత్తేశారా?" అని మెసేజ్ పెడితేగాని మాకు తెలియలేదు.

కారణం రెన్యూవల్. రెండో ఏడాదికి 21,999, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 25,959 రూపాయలు. 4,999 ఎక్కడ, ఇదెక్కడ? కార్డు నుంచి దానంతటదే కట్ అవుతుందని మొదట్లోనే ఆటోపే పెట్టించుకున్నారు. 15,000 దాటిన ఆటో డెబిట్‌కి ఓటీపీ తప్పనిసరి అని రిజర్వ్ బ్యాంకు రూలు ఉంది కాబట్టి కట్ అవలేదు, లేకపోతే నేను ఓకే అనకుండానే డబ్బు పోయేది. మరి ముందుగా చెప్పాలి కదా అంటే, "మూడు రిమైండర్ మెయిల్స్ పంపాం" అన్నారు. ఎక్కడికి పంపారయ్యా అని గట్టిగా అడిగితే చివరికి బయటపడింది, అకౌంట్ తెరిచినప్పుడు ఆ అమ్మిన కుర్రాడు తన ఆఫీసు మెయిల్ ఐడీనే కాంటాక్ట్‌గా పెట్టుకున్నాడు. అంటే వాళ్ళకి వాళ్ళే ఉత్తరం రాసుకుని, నేను జవాబివ్వలేదని నా షాపు మూసేశారన్నమాట. బాగుంది.

ఆదివారం పొద్దున చేసిన ఫోన్ మాత్రం నేను మర్చిపోలేను. అక్కా అన్న నోటితోనే "చూడండి మేడమ్" అని మొదలుపెట్టాడు. నేను మామూలుగానే అడిగాను, సరే బాబూ, అంత డబ్బు నేను పెట్టలేను, మా డొమైన్ మాకిచ్చేయండి, వేరేచోట పెట్టుకుంటాం అని. నవ్వాడు. నిజంగా నవ్వాడండీ, పక్కన ఎవరితోనో ఏదో అని మరీ నవ్వాడు. "మేడమ్, డొమైన్ మీదెలా అవుతుంది? ప్లాన్‌తో పాటు వాడుకోమని ఇచ్చాం. కంపెనీ ఆస్తి అది. మీరు అగ్రిమెంట్ చదవలేదా?" అన్నాడు. షాపు పేరు మాది కదయ్యా, మా మామయ్య పేరది అంటే, "పేరు మీదే మేడమ్, ఎవరు కాదన్నారు, అడ్రస్ మాది" అన్నాడు. కావాలంటే 15,000 కట్టి "రిలీజ్" చేయించుకోవచ్చట. ఒక డాట్ కామ్ పేరు ఏడాదికి బయట ఇంచుమించు వెయ్యి రూపాయలకి దొరుకుతుంది. స్పీకర్‌లో పెట్టాను కాబట్టి ఇదంతా అత్తయ్య కూడా విన్నారు. ఆవిడ ఏమీ అనలేదు, జాడీకి వాసెన కట్టడం పూర్తి చేసి లోపలికి వెళ్ళిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఏ డొమైన్ ఎవరి పేరు మీద ఉందో చూపించే వూయిజ్ రికార్డులో వెతికాను. రిజిస్ట్రెంట్ ఆర్గనైజేషన్, అంటే ఓనర్ సంస్థ, అన్న చోట వాళ్ళ కంపెనీ పేరే ఉంది. డాట్ కామ్ లాంటి పేర్లకి ఐకాన్ (ప్రపంచమంతా డొమైన్ల రూల్స్ చూసే సంస్థ) రూల్ ఏమిటంటే, ఓనర్ అడిగిన ఐదు రోజుల్లోపు రిజిస్ట్రార్, అంటే డొమైన్ నమోదు చేసే కంపెనీ, దాన్ని వేరేచోటికి మార్చుకునే ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వాలి. ఆ ఓనర్ అంటే రికార్డులో పేరున్నవాళ్ళు. నేనెవరిని? పచ్చడి కలిపే మనిషిని. సీసాల మీద లేబుళ్ళు, పార్సిల్ టేపు, క్యూఆర్ కోడ్ అన్నిటి మీదా ఆ అడ్రసే అచ్చేయించి పెట్టుకున్నాం, ఆ లేబుళ్ళ కట్టలు ఇంకా మంచం కింద ఉన్నాయి.

ఇంకో దారుణం. శనివారం పగలు వచ్చిన ఆర్డర్ల డబ్బు మాకు చేరింది, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వే నా పాన్ మీద, నా బ్యాంకు ఖాతాకి ఉంది కాబట్టి. కానీ ఎవరు ఏం కొన్నారో, ఎక్కడికి పంపాలో తెలియదు, ఎందుకంటే ఆర్డర్లు చూసుకునే అడ్మిన్ ప్యానెల్ కూడా లాక్. జనం డబ్బు చేతిలో పెట్టుకుని అడ్రస్ తెలియక కూర్చున్నాం. చివరికి గేట్‌వే డాష్‌బోర్డులో కట్టినవాళ్ళ ఫోన్ నంబర్లు కనిపిస్తే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "అండీ, మీరు మా దగ్గర ఏం ఆర్డర్ పెట్టారు?" అని అడగాల్సి వచ్చింది. ఒకాయన మోసం కాల్ అనుకుని నన్ను చెడామడా తిట్టాడు. తప్పేముంది, నేనైనా అలాగే అనుకుంటాను. ఆర్డర్ల లిస్టు అయినా ఇవ్వండి అని కంపెనీవాళ్ళని అడిగితే, డేటా ఎక్స్‌పోర్ట్ పై ప్లాన్‌లో మాత్రమే ఉందన్నారు. నా కస్టమర్ల అడ్రసులు నాకివ్వడానికి పై ప్లానట!

1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, డాకెట్ నంబర్ వచ్చింది, చూడాలి. వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులే కాదు అని కంపెనీవాళ్ళు బెదిరిస్తే భయపడకండి. కేవలం స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం వస్తువులు కొన్నవాళ్ళని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది, ఇలాంటి సేవలకీ అదే వర్తించాలని మనం అడగొచ్చు. రద్దు చేసుకోవడం కష్టంగా పెట్టడం, అసలు ధర చివర్లో చెప్పడం లాంటివన్నీ 2023లో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్ళని బురిడీ కొట్టించే ఆన్‌లైన్ ఎత్తులు) మార్గదర్శకాల్లో ఉన్నాయి, ఫిర్యాదులో ఆ మాట తప్పకుండా రాయండి.

సలహాలు ఇచ్చే ఓపిక లేదు గానీ రెండు మూడు ముక్కలు. డొమైన్ మీరే కొనండి, మీ పేరుతో, మీ మెయిల్‌తో, మీ కార్డుతో. ఫ్రీగా ఇస్తామన్నా వద్దనండి. రెండో ఏడాది ధర జీఎస్టీతో కలిపి ఎంతో మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్‌లో చెప్పింది తర్వాత రుజువు చేయలేం. బయటికి వెళ్ళాలంటే ఏం తీసుకెళ్ళొచ్చో డబ్బు కట్టకముందే అడగండి. సైటు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్, దానికి షాపు జోడించే వూకామర్స్ అయితే ఓపెన్ సోర్స్ (ఎవరైనా వాడుకోవచ్చు), సైటు మొత్తం మూటగట్టి వేరే హోస్టింగ్‌లో, అంటే సైటు ఉంచే ఇంకో చోట, పెట్టుకోవచ్చు, కాకపోతే అప్‌డేట్లు, బ్యాకప్‌ల గోల మీరే పడాలి. నెలవారీ చందా మీద షాపు నడిపించే షాపిఫైలో ప్రొడక్టులు, కస్టమర్ల వివరాలు సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికలా) దించుకోవచ్చు, డిజైన్ మాత్రం వెంట రాదు. విక్స్ అనే ఇంకో సైటు బిల్డర్‌లో కట్టిన సైటు విక్స్‌లోనే ఉంటుంది, ఎత్తి బయట పెట్టలేరు, ఆ సంగతి వాళ్ళే చెప్తారు. ఇవన్నీ తెలిసి ఎంచుకుంటే దేనికదే మంచిది. ఏది ఎంచుకున్నా వారానికోసారి ఆర్డర్ల లిస్టు దించి మీ దగ్గర పెట్టుకోండి.

మేం ఇప్పుడు డాట్ ఇన్ పేరు కొత్తగా కొనుక్కున్నాం, ఈసారి నా పేరు మీద. అది సిద్ధమయ్యేదాకా ఆర్డర్లు మళ్ళీ వాట్సాప్‌లోనే. మా దగ్గర కొనేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, పాత సీసా మీద ఉన్న క్యూఆర్ స్కాన్ చేయకండి. ఆ అడ్రస్ ఇప్పుడు మా చేతిలో లేదు, రేపు అక్కడ ఎవరు ఏం అమ్ముతారో తెలియదు, డబ్బు మాత్రం కట్టకండి.