వైడల్ టెస్ట్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

జ్వరం వచ్చిన మూడో రోజే వైడల్ చేయించి, నెగటివ్ కాబట్టి టైఫాయిడ్ కాదనుకుంటే పొరపాటే. ఈ పరీక్ష వెతికేది బ్యాక్టీరియాను కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను. అవి రక్తంలో తేలడానికి దాదాపు వారం పడుతుంది.

రిపోర్టులో టీఓ, టీహెచ్ (టైఫాయిడ్ బ్యాక్టీరియాలోని రెండు వేర్వేరు భాగాలపై పుట్టే యాంటీబాడీలు) పక్కన కనిపించే 1:80, 1:160 అంకెలు టైటర్లు. సీరంను, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవాన్ని, అంత పలుచన చేసినా రియాక్షన్ వచ్చిందని అర్థం. ఏహెచ్, బీహెచ్ అనేవి టైఫాయిడ్ లాంటిదే అయిన పారాటైఫాయిడ్ జ్వరానికి సంబంధించినవి. చిక్కేమిటంటే, ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్, కొన్ని టీకాలు, ఆఖరికి మలేరియా కూడా ఈ అంకెను పెంచగలవు. 10-14 రోజుల తేడాతో రెండుసార్లు చేసినప్పుడు టైటర్ నాలుగు రెట్లు, అంటే 1:80 నుంచి 1:320కి పెరిగితే అది గట్టి ఆధారం. అన్నాళ్లు మందు ఆపి కూర్చోలేం కదా, ఈ పరీక్ష పెద్ద లోపం అదే. గాజు పలక మీద త్వరగా చేసే స్లైడ్ పద్ధతిలో పాజిటివ్ వస్తే, గాజు గొట్టాల్లో చేసే ట్యూబ్ పద్ధతిలో మళ్లీ చూడమని అడగండి. జ్వరం తగ్గాక మాత్రం వైడల్ మళ్లీ చేయించొద్దు. టైటర్ నెలల తరబడి అలాగే ఉండి అనవసరంగా భయపెడుతుంది.

మా ఓటు రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే బ్లడ్ కల్చర్‌కే. మొదటి వారంలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం ఇవ్వాలి. పెద్దలకు 8-10 మి.లీ. తీయాలి, తక్కువ తీస్తే బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు. ఫలితానికి రెండు నుంచి ఐదు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కేసుల్లో సుమారు సగమే ఇందులో బయటపడతాయి కాబట్టి నెగటివ్ వచ్చినా డాక్టరు అనుమానాన్ని కొట్టేయకూడదు. పాజిటివ్ వస్తే ఏ మందు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. రిపోర్టులో ఎస్ అని ఉన్న మందుకు బ్యాక్టీరియా లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు.

ఇక తిండి. జ్వరమని పస్తుంచకండి, కండ కరిగిపోతుంది. టైఫాయిడ్‌లో చిన్నపేగు చివర పుళ్లు పడతాయి. అందుకే పీచు, మసాలా, వేపుళ్లు కొన్నాళ్లు మాని మెత్తగా ఉడికిన అన్నం, బంగాళదుంప, గుడ్డు, పెరుగు, అరటిపండు రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా పెట్టండి. విరేచనాలుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసిన కొలత నీళ్లలోనే కలపాలి, కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

సరైన మందు పడినా జ్వరం దిగడానికి మూడు నుంచి ఐదు రోజులు పట్టొచ్చు. దిగింది కదా అని కోర్సు మధ్యలో ఆపొద్దు. కడుపులో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చినా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.