పార్ట్‌టైమ్ పీహెచ్‌డీనా, సెలవు పెట్టి పాలసీ మాస్టర్సా: అనంతపురం ఉద్యోగికి ఏది మేలు?

వ్యవసాయ శాఖలోనో ఎంపీడీవో ఆఫీసులోనో కొన్నేళ్లు పనిచేసినవాళ్లకు ఒక సందేహం పట్టుకుంటుంది. రిపోర్టులో అంకెలన్నీ బాగుంటాయి, ఊళ్లోకి పోతే కథ వేరే ఉంటుంది. ఈ తేడా ఎక్కడ వస్తోందో చదివి తేల్చుకోవాలనుకునే అనంతపురం ఉద్యోగికి దగ్గర్లో రెండు దారులున్నాయి. ఒకటి, ఉద్యోగం చేస్తూనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. రెండు, స్టడీ లీవ్ పెట్టి బెంగళూరులో పబ్లిక్ పాలసీ మాస్టర్స్. ఇగ్నో ద్వారా ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ కూడా చేయొచ్చు. అది పునాదికి మంచిదే గానీ పరిశోధన కాదు. పీహెచ్‌డీని దూరవిద్యలో చేయడానికి యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ ఎలాగూ ఒప్పుకోదు.

2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. పార్ట్‌టైమ్‌లో చేరాలంటే ఆఫీసు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వాలి. చదువుకు అనుమతిస్తున్నామని, డ్యూటీ పోను చదువుకు తగిన సమయం ఉంటుందని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కు, అంటే పీహెచ్‌డీలో భాగమైన తరగతులకు, రిలీవ్ చేస్తామని అందులో ఉండాలి. మొదటి ముక్క ఏ అధికారైనా రాసిస్తారు. చివరిది రాయమన్నప్పుడే ఫైలు కదలదు. పైగా మధ్యలో బదిలీ అయితే కొత్త బాసుకు మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి. ఈ ఇబ్బంది కర్నూలు రాయలసీమ యూనివర్సిటీలో చేరినా, కడప యోగి వేమనలో చేరినా ఒకటే. నాలుగేళ్ల బీటెక్‌లో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులని అవే నిబంధనలు చెబుతున్నాయి. సచివాలయాల్లో చేరిన ఇంజినీరింగ్ పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు.

స్టడీ లీవ్ లెక్క వేరు. కేంద్ర ఉద్యోగులకు మామూలుగా ఒక విడతకు 12 నెలలు, సర్వీసు మొత్తంలో 24 నెలలు. తిరిగొచ్చాక మూడేళ్లలోపు ఉద్యోగం మానేస్తే సెలవు జీతం వాపసు కట్టాలి. రాష్ట్ర ఉద్యోగులు ఫండమెంటల్ రూల్ 84 కింద అడగాలి. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో ఉన్నటువంటి రెండేళ్ల మాస్టర్స్‌కు వెళ్తే 24 నెలల సెలవూ దానికే చెల్లు. ఫీజు, అద్దె, ఇక్కడ పిల్లల చదువు సరేసరి. అయితే ఆ రెండేళ్లూ ఫోన్ మోగదు, టెలికాన్ఫరెన్స్ ఉండదు. గణాంకాలు, ఆర్థికశాస్త్రం, సర్వే పద్ధతులు కూర్చోబెట్టి నేర్పుతారు. పార్ట్‌టైమ్ వాళ్లకు దొరకనిది ఇదే. కోర్స్‌వర్క్‌లో ఒక మెథడాలజీ పేపరు రాసి, తర్వాత గైడ్ ఎంత చెబితే అంత.

ఇంతవరకు చూస్తే మాస్టర్సే మేలనిపిస్తుంది. నా లెక్కలో మాత్రం అసలు విషయం మీరు పట్టుకున్న ప్రశ్న ఏమిటన్నది.

పంట కుంటల సంగతే తీసుకోండి. కుంట తవ్వితే శెనక్కాయ రైతుకు నిజంగా మేలు జరిగిందా? మాస్టర్స్ చివర రాసే పరిశోధన వ్యాసానికి (డిసర్టేషన్) దొరికేది మహా అయితే ఒక ఖరీఫ్. ఈ జిల్లాలో ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆ సగటు కూడా కాగితం మీదే. ఒక ఏడు జూన్‌లో కురిసి విత్తాక ముఖం చాటేస్తుంది, ఇంకో ఏడు కోత సమయానికి దంచికొట్టి కాయను కుళ్లబెడుతుంది. వాన బాగా పడిన ఏడాది సర్వే చేస్తే ఏ పథకమైనా హిట్టే. కరువు ఏడాది చేస్తే అన్నీ ఫెయిలే. కుంట ఉన్న రైతునూ లేని రైతునూ నాలుగైదు సీజన్లు పక్కపక్కన చూస్తే తప్ప ఫలితం కుంటదో వానదో తేలదు. బోర్లు, పంటల బీమా, చిరుధాన్యాలకు మళ్లింపు, ఏది తీసుకున్నా ఇదే తంతు. ఇలాంటి వాటికి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో అందరూ తిట్టుకునే ఆ ఆలస్యమే పనికొస్తుంది. కల్యాణదుర్గం వైపు పనిచేస్తున్న వ్యవసాయాధికారికి (ఏవో) ఆ సీజన్లు ఎలాగూ కళ్లముందే గడుస్తాయి.

ఉపాధి హామీ పథకంలో కూలీ ఆలస్యం అలా కాదు. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. కూలీ 15 రోజుల్లో అందాలని 2005 చట్టం చెప్పింది. మస్టర్ (కూలీల హాజరు పట్టీ) మూసిన తేదీ, డబ్బు చెల్లింపునకు పంపిన తేదీ రికార్డుల్లో ఉంటాయి. ఎక్కడ ఆగుతోందో చూడటానికి ఆరేళ్లు అక్కర్లేదు, లెక్కలు కట్టడం వస్తే చాలు. పీహెచ్‌డీ పూర్తయ్యేలోపు పథకం రూపమే మారిపోవచ్చు. పింఛన్లు, మ్యుటేషన్లు (భూమి రికార్డుల్లో పేరు మార్పు), సర్టిఫికెట్ల జాప్యం వంటి ఆఫీసు పనుల ప్రశ్నలకు సెలవు పెట్టి వెళ్లడమే నయం.

కాబట్టి వానతో ముడిపడిన ప్రశ్నకు పీహెచ్‌డీ, ఫైలుతో ముడిపడిన ప్రశ్నకు మాస్టర్స్ అంటాను. ప్రశ్నే లేకుండా పేరు ముందు డాక్టర్ కోసమైతే రెండూ దండగ. (అలాంటి థీసిస్‌లు తక్కువేం లేవు.)

ఏ దారి ఎంచుకున్నా, సర్వే మాత్రం సొంత మండలంలో పెట్టుకోవద్దు. పథకానికి సంతకం పెట్టే సారే వచ్చి "సాయం అందిందా పెద్దాయనా?" అని అడిగితే, అందలేదని ఎవరంటారు? పక్క మండలానికి వెళ్లండి, వీలైతే ప్రశ్నలు వేరేవాళ్లతో అడిగించండి. మీ లాగిన్‌లో కనిపించే డేటాను అలాగే థీసిస్‌లోకి ఎక్కించడమూ ప్రమాదమే. శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, లేదా అందరికీ అందుబాటులో ఉన్న లెక్కలే వాడండి. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడానికి ప్రవర్తనా నియమావళి అడ్డొస్తుంది గనుక, పేపరు పత్రికకు పంపేముందు ఒకసారి ఆ నియమాలు తిరగేయండి.

థీసిస్ ఆమోదం పొందాక శోధ్‌గంగలోకి, అంటే పీహెచ్‌డీ థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండాగారంలోకి, ఎక్కుతుంది. అక్కడికి వెళ్లి రెండొందల పేజీలు చదివే తీరిక కలెక్టరేట్‌లో ఎవరికీ ఉండదు. తేలిన విషయాన్ని, మార్చాల్సిన ఒకటి రెండు నిబంధనలతో సహా, తెలుగులో రెండు పేజీల నోట్‌గా రాసి మీ జిల్లా అధికారికి ఫైలు మీద పెట్టండి. జిల్లాస్థాయిలో మారేదైతే వచ్చే సీజన్‌కే మారొచ్చు.