బాస్ ఎస్‌వై-1000: తీగకో శబ్దం

బాస్ కంపెనీ ఎస్‌వై-1000 ఓ గిటార్ సింథ్, అంటే గిటార్ శబ్దాన్ని సింథసైజర్ (ఎలక్ట్రానిక్) శబ్దంగా మార్చే పరికరం. పియానో, ఫ్లూట్ శబ్దాలు గిటార్‌లోంచి రావాలనుకునేవాళ్లకి ఇది కాదు, ముందే చెప్తున్నా. దీంట్లో శాంపిల్స్ (అసలు వాయిద్యాల రికార్డు చేసిన శబ్దాలు) లేవు, వాటికి రోలాండ్ కంపెనీ గిటార్ సింథ్ జీఆర్-55 లాంటివి చూసుకోండి. ఇది తీగ శబ్దాన్నే సింథ్‌గా మారుస్తుంది. మామూలు గిటార్ తగిలించినా కొంత పని జరుగుతుంది కానీ అసలు మజా జీకే-3 అనే ప్రత్యేక పికప్ (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) పెట్టాకే. మామూలు పికప్ ఆరు తీగల్నీ కలిపేసి ఒకే సిగ్నల్ పంపుతుంది, జీకే-3 ఒక్కో తీగనీ విడిగా పట్టి 13 పిన్నుల కేబుల్‌లో పంపుతుంది కాబట్టి లావు తీగలు రెండింటికీ బేస్ సింథ్, మిగతావాటికి మామూలు గిటార్ పెట్టుకుని ఒక్కరే ఇద్దరిలా వాయించొచ్చు. ట్యూనింగ్ కూడా తీగ తీగకీ మార్చుకోవచ్చు, బిరడాలు ముట్టుకోకుండానే!

1980 నాటి రోలాండ్ గిటార్ సింథ్ జీఆర్-300 శబ్దం కూడా ఇందులో ఉంది, నాకైతే దానికోసమే కొనొచ్చనిపిస్తుంది.

పికప్‌కి వేరే ఖర్చు. దాన్ని బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) పక్కనే, తీగలకి బాగా దగ్గరగా బిగించాలి. స్టీలు తీగలే ఉండాలి, నైలాన్‌కి పనిచేయదు. సెట్టింగులు బోలెడు, ఓపిక కావాలి. ఇంట్లో సరదాగా వాయించుకోడానికైతే ఇంత డబ్బు దండగ.