నెల్లూరులో సగం రేటుకి ప్రోటీన్ పొడి డబ్బా ఇస్తానంటున్నాడా? కొనబాకండి

నిన్న సాయంత్రం నెల్లూరు నుంచి బస్సు దిగిన కాడినుంచీ ఒళ్ళు మండిపోతా ఉండాది. రాత్రి నిద్ర పట్టలా. పొద్దున మిషను ముందు కూర్చుని రెండు జాకెట్లు కొలత తప్పి కత్తిరించా. ఇది రాసి పడేస్తేగానీ చేతికి పని రాదు.

ఎవరి గురించో మీలో సగం మందికి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. కావలి నుంచి కోవూరు దాకా, అటు ఒంగోలు దాకా, జిమ్ము గ్రూపుల్లోనూ పోలీసు ఉద్యోగాలకి ప్రాక్టీసు చేసే పిల్లకాయల గ్రూపుల్లోనూ వారం వారం "ఇంపోర్టెడ్ మాలు, సగం ధర, గ్యారంటీ నాది" అని వాయిస్ మెసేజి పెడతాడే, ఆయనే. పేరు రాయను. ఆ గొంతు విన్నోళ్ళకి పేరు అక్కర్లేదు.

మా తమ్ముడు కానిస్టేబుల్ కోసం తయారవుతున్నాడు. పొద్దున్నే జవహర్ భారతి గ్రౌండులో 1600 మీటర్లు తీస్తాడు. ఎత్తు సరిపోయింది. ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండాలి, గాలి పీల్చితే ఇంకో 5 పెరగాలి. వాడికి అక్కడే తగులుకుంటా ఉండాది. బరువు 58 కేజీలు. నాయన ఆటో, నా కుట్టు, ఇంటి బాడుగ, ఇవన్నీ పోను వాడి తిండికని విడిగా నెలకి రెండు వేలు తీయగలం. అంతకు మించి మా వల్ల కాదు. ఆ రెండు వేలల్లోనే రోజుకి 4 గుడ్లు, అర లీటరు పాలు, సాయంత్రం ఒక గిన్నెడు శనగ గుగ్గిళ్ళు. బాగానే జరుగుతా ఉండింది.

ఆ టైములో ఈయన ఫోనులో దొరికాడు. "అక్కా, మీ తమ్ముడంటే నా తమ్ముడే. 4 గుడ్లలో ఎంత? 24 గ్రాములు. నా డబ్బాలో ఒక్క స్కూపుకి ఎంత? అదే 24. డబ్బాకి 60 స్కూపులు, రెండు నెలలు కళ్ళు మూసుకుని వస్తుంది. పాలెందుకు దండగ, అందులో నీళ్ళే. గుగ్గిళ్ళు తింటే గ్యాసు తప్ప ఏముందక్కా, పప్పుల్లో ఉండేది సగం ప్రోటీనే" అన్నాడు. బయట ఆరేడు వేలు పలికే రెండు కేజీల డబ్బా నాకు 3,200కి ఇస్తానన్నాడు.

కొలతల పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేశా. గుడ్లకి నెలకి 840, పాలకి 900, రెండు నెలలకి 3,480. డబ్బా 3,200. ఇంకా 280 మిగులుతుంది. ఆ 280 చూసి సంబరపడ్డా. గుడ్లు ఆపా, పాలు ఆపా. గ్యాసు అన్నాడని గుగ్గిళ్ళు కూడా ఆపా. ఈ లెక్క నేనే వేశా, నా చేత్తోనే వేశా. వాడి కంచంలోనుంచి తీసింది నేనే. డబ్బు పోయిందానికన్నా నాకు ఇదే గుండెల్లో గుచ్చుకుంటా ఉండాది.

వెయ్యి ఫోన్‌పే చేశా, 2,200 చేతికిచ్చా. బిల్లు అడిగితే "బిల్లు రాస్తే రేటు మారిపోతుందక్కా" అన్నాడు. సరేలే అని వచ్చేశా.

38 రోజులు తాగాడు. షేకరులో ఎంత ఊపినా నురగ వచ్చేది కాదు, ఒక నిమిషం పక్కన పెడితే అడుగున సున్నం తేటలాగా పేరుకునేది. వాడు ఒకటి రెండు సార్లు అన్నాడు కూడా. నేను పట్టించుకోలా. ఆరు నిమిషాల ఇరవై సెకన్లలో కొట్టేవాడు 1600 మీటర్లు, ఆరు యాభైకి వచ్చాడు. బరువు 56కి దిగింది. దానికి నేనేమన్నానో తెలుసా? "3,200 పెట్టి డబ్బా తాగిస్తే కూడా ఇంతేనా, ఒళ్ళు వంచడంలా నువ్వు" అన్నా. వాడు తల దించుకుని బూట్లు విప్పుకున్నాడు.

పోయిన బుధవారం వాన. వాడికి గొంతు నొప్పి. చల్లనీళ్ళు వద్దని అమ్మ స్టీలు గ్లాసులో మరిగే నీళ్ళు పోసి, స్కూపు పొడి వేసి తిప్పింది. నాలుగు తిప్పులు తిప్పేసరికి స్పూను బరువెక్కింది. గ్లాసు వంచితే కారలా, జారింది. నున్నగా, మెరుస్తా, గ్లాసు అంచుకి పొరలాగా పట్టింది. అమ్మ కొంచెం వేలితో తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దింది. మా అమ్మ 30 ఏళ్ళుగా నూలు చీరలకి గంజి పెడతా ఉండాది. "అమ్మాయ్, ఇది గంజే" అనింది. ఇంకేమీ అనలా.

పక్కింటి పాప ఏడో తరగతి. "అయోడిన్ వేస్తే పిండిపదార్థం నీలం అవుతుందక్కా, మా బళ్ళో చేసి చూపించారు" అనింది. మెడికల్ షాపులో టింక్చర్ అయోడిన్ చిన్న సీసా తెచ్చి, చల్లారిన దాని మీద ఒక చుక్క వేశాం. నేరేడుపండు కొరికితే నాలుక మీద వచ్చే రంగుందే, ఆ రంగు. పక్కన ఇంకో గిన్నెలో కోడిగుడ్డు తెల్లసొన మీద వేస్తే అయోడిన్ పసుపు పసుపుగానే ఉండిపోయింది. తమ్ముడు రెండు గిన్నెల వంకా చూశాడు. "38 రోజులు గంజి తాగి పరిగెత్తానా అక్కా?" అన్నాడు. నేను లోపలికి పోయి తలుపేసుకున్నా.

వాడి స్నేహితుడు ఒకడు బీఫార్మసీ చదువుతున్నాడు. ఆ అబ్బాయి వచ్చి చూసి, పాల నుంచి తీసిన అసలు వే పొడి మరిగే నీళ్ళలో పడితే విరిగినట్టు ఉండలు కడుతుందనీ, గంజిలాగా నున్నగా చిక్కబడదనీ చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. అయోడిన్‌కి రంగు మారకపోతే మంచి మాలనుకోకూడదంట. మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడి కలిపితే అయోడిన్ పట్టుకోలేదు. ఇంకా తెలివైనోళ్ళు గ్లైసిన్ లాంటి చవక అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ తయారయ్యే ముక్కలు) కలుపుతారంట. మామూలు ల్యాబు పరీక్షలో నైట్రోజన్ కొలిచి దాన్నిబట్టి ప్రోటీన్ లెక్క కడతారు, వీటిలోనూ నైట్రోజన్ ఉంటుంది కాబట్టి కాగితం మీద ప్రోటీన్ నిండుగానే కనిపిస్తుంది. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిపింది కూడా ఆ నైట్రోజన్ లెక్కను మోసం చెయ్యడానికే. మాకు దొరికింది అంత తెలివైన మోసం కూడా కాదు, ఉత్త పిండి. డబ్బా వెనక స్టిక్కరు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి సరుకులకి లైసెన్సు ఇచ్చే కేంద్ర సంస్థ) నంబరు వేలు పెట్టి లెక్కపెట్టా. 14 అంకెలుండాలి. 13 ఉన్నాయి. మూడు సార్లు లెక్కపెట్టా, 13.

నిన్న మధ్యాహ్నం డబ్బా సంచిలో వేసుకుని నెల్లూరు పోయా. ఆయన అంగడి మేడ మీద గది, అక్కడ కొన్నోళ్ళకి తెలిసిందే. ముగ్గురు కుర్రోళ్ళు డబ్బాలు చూస్తా ఉన్నారు. ఫోనులో "అక్కా అక్కా" అన్న మనిషి నన్ను చూసి "చెప్పండి మేడం" అన్నాడు. గంజి సంగతి చెప్పా. నవ్వాడు. వేడి నీళ్ళలో ఎవరు కలపమన్నారు అన్నాడు. అయోడిన్ సంగతి చెప్పా. నవ్వు ఆగింది. "ఇటివ్వండి, కంపెనీకి పంపించి కనుక్కుంటా" అని డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. నేను ఇచ్చా. ఎందుకిచ్చానో నాకే తెలీదు.

డబ్బా వెనక్కి తిప్పాడు. నా కళ్ళలోకి చూస్తానే, మాట్లాడతానే, బొటనవేలి గోరుతో ఆ స్టిక్కరు మూల లేపాడు. పర్రున పీకాడు. ఉండ చేసి పక్కన చెత్తబుట్టలో వేశాడు. నా ఎదురుగానే! దిగుమతి చేసినోడి పేరు, ఆ 13 అంకెల నంబరు, అన్నీ దాని మీదే ఉన్నాయి. "అదేంది, ఎందుకు పీకారు?" అంటే "ఏది మేడం? అది మా స్టిక్కరు కాదే" అన్నాడు. చెత్తబుట్ట వైపు నేను వంగితే కాలితో దాన్ని బల్ల కిందికి నెట్టాడు.

నా గొంతు లేచింది. అప్పుడు "మేడం" కూడా పోయింది. ఆ ముగ్గురు కుర్రోళ్ళ ముందర, "ఏమ్మా, మూడు వేలకి నీకు అసలు సరుకు ఎట్టా వస్తుంది? ఆ మాత్రం తెలీదా? గుగ్గిళ్ళు తినే ఇళ్ళకి వే ప్రోటీన్ ఎందుకు, పొయ్యి గుగ్గిళ్ళే తినండి" అన్నాడు. అంటే పిండి అని వాడికి తెలుసు. నేను మొదటిసారి ఫోను చేసిన రోజే తెలుసు. తెలిసే "నా తమ్ముడే" అన్నాడు, తెలిసే గుగ్గిళ్ళు మాన్పించమన్నాడు. డబ్బా వాడి చేతిలోనుంచి లాక్కుని మెట్లు దిగా. కింద టీ అంగడి కాడ నిలబడితే కాళ్ళు వణుకుతా ఉన్నాయి. ఆ కుర్రోళ్ళలో ఒకడు కిందికొచ్చి "అక్కా, నేను మానుకున్నా" అని చెప్పి పోయాడు. ఆ బిడ్డ చల్లగా ఉండాలి.

పోయే ముందు ఆ స్టిక్కరు ఫోటో తీసుకోలేదు నేను. డబ్బా వచ్చిన రోజు తమ్ముడు దాన్ని పట్టుకుని దిగిన ఫోటో ఉంది, అందులో ముందు వైపే కనిపిస్తుంది. ఫోన్‌పే కూడా వేరే ఎవరి పేరుకో పోయి ఉంది.

ఇంక మీకు చెప్పాల్సింది. బిల్లు ఇవ్వనోడి కాడ కొనబాకండి. బయట దేశం డబ్బా అయితే దిగుమతి చేసినోళ్ళ పేరు, అడ్రసు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ ఫోస్కోస్ సైటులో కొడితే ఎవరిదో వస్తుంది. డబ్బా ఇంటికి రాగానే, సీలు తీయకముందే అన్ని వైపులా ఫోటోలు తీయండి. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చెయ్యండి, తెలుగులో మాట్లాడొచ్చు. నేను పొద్దున చేశా, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు.

అసలు మా లాంటి ఇళ్ళకి ఆ డబ్బా అవసరమా అని ఇప్పుడు అడుగుతున్నా. హైదరాబాద్ తార్నాకలో ఉండే జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కేజీ బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలంటుంది. 58 కేజీలకి 48 గ్రాములు. పరుగులు తీసే పిల్లోడికి ఇంకా ఎక్కువ కావాలి, నిజమే. అయినా 2024లో వాళ్ళు ఇచ్చిన ఆహార సూచనల్లో కండ కోసం ప్రోటీన్ పొడులు వాడొద్దనే చెప్పారు. నేను ఆపేసిన గుడ్లలో 24, పాలల్లో 16, రోజుకి 40 గ్రాములు వాడి నోటికాడినుంచి తీసేశా. "పప్పుల్లో సగం ప్రోటీనే" అన్నాడే, అదీ మోసపు మాటే. పప్పులో తక్కువైన అమైనో ఆమ్లం బియ్యంలో ఉంటుంది, బియ్యంలో తక్కువైంది పప్పులో ఉంటుంది. పప్పన్నం తినే మనిషికి రెండూ కలిసి అందుతాయి.

నిన్న రాత్రే శనగలు నానేశా. నానిన నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళతో ఉడికిస్తే గ్యాసు కొంత తగ్గుతుంది, అమ్మ ఎప్పుడూ అట్టాగే చేసేది. ప్రకాశం జిల్లా నల్లరేగడి శనగలు మనకి పక్కనే పండుతా ఉంటే వదిలేసి ఎక్కడికో పోయా. 50 గ్రాములు నానేస్తే 10 గ్రాముల దాకా ప్రోటీన్. గుడ్లు మళ్ళీ 4. పాలు ఈ నెల పావు లీటరే, డబ్బు లేదు. ఆ లోటుకి మీల్ మేకర్ తెచ్చా. ఎండుది 50 గ్రాములు తూచి వండితే 26 గ్రాములు వస్తుంది, ఖర్చు రెండు గుడ్లంత. ఉడికించి గట్టిగా పిండి, ఉల్లిపాయ, మిరియాలతో వేయిస్తే వాడు మారు మాట్లాడకుండా తిన్నాడు. ఆదివారం తుమ్మలపెంట నుంచి ఎండు నెత్తళ్ళు వస్తే వంకాయలో వేస్తా. ఉప్పు ఎక్కువుంటుంది కాబట్టి బాగా కడగాలి.

సోమవారం నెల్లూరులో ఫుడ్ సేఫ్టీ ఆఫీసుకి పోతున్నా. నా డబ్బా సీలు తీసింది, స్టిక్కరు లేనిది, కాబట్టి నేనే ఏదో కలిపానని ఆ అమ్మినోడు అనగలడు. మీలో ఎవరి కాడైనా వాడి దగ్గర కొన్న డబ్బా సీలు తీయకుండా ఉంటే తెరవబాకండి. వెనక స్టిక్కరు ఫోటో తీసి నాకు మెసేజి పెట్టండి. కుదిరితే నాతో రండి. పొద్దున తొమ్మిదికల్లా కావలి బస్టాండులో ఉంటా.