గోబ్లిన్ వ్యాలీ: మోకాళ్ల నొప్పులున్నా దిగి చూడాల్సిన లోయ

అమెరికాలోని యూటా రాష్ట్రంలో రాళ్లు చూడాలంటే అందరూ అక్కడి నేషనల్ పార్కులైన ఆర్చెస్‌కో, బ్రైస్‌కో పొమ్మంటారు. అవీ బాగుంటాయి. కానీ కూతురి దగ్గరికో, కొడుకు దగ్గరికో వచ్చి మనవలతో తిరిగే నా ఈడువాళ్లకు నేను చెప్పేది గోబ్లిన్ వ్యాలీ స్టేట్ పార్కు.

సాల్ట్ లేక్ సిటీ నుంచి కారులో సుమారు నాలుగు గంటలు. గ్రీన్ రివర్‌లోనో, హ్యాంక్స్‌విల్‌లోనో పెట్రోలు, నీళ్లు నింపుకోండి. ఆ తర్వాత ఏమీ దొరకదు, మాకైతే ఫోన్ సిగ్నల్ కూడా పోయింది. ఇది రాష్ట్రం వాళ్ల పార్కు. నేషనల్ పార్కుల పాస్ చూపిస్తే చెల్లదు, కారుకింత అని విడిగా కట్టాల్సిందే.

పార్కింగ్ పక్కనే గట్టు మీద నిలబడితే లోయంతా కనిపిస్తుంది. ఎర్రటి గుండ్రాళ్లు, సన్నటి మెడల మీద పెద్ద పెద్ద తలకాయలతో, వేల సంఖ్యలో. ఈ రాళ్లనే గోబ్లిన్లు, అంటే కథల్లోని మరుగుజ్జు దయ్యాలు, అంటారు. ఆర్థర్ చాఫిన్ అనే ఆయన 1920ల్లో చూసి మష్రూమ్ వ్యాలీ అన్నాడట. 1964లో పార్కు చేశారు.

నాకు నచ్చిందేమిటంటే, మెట్లు దిగాక దారీ లేదు, కంచె లేదు. ఎటు కావాలంటే అటు పోవచ్చు. తిరుమలలో శిలాతోరణాన్ని ఎన్నిసార్లు వెళ్లినా కంచె ఇవతల నుంచి చూసి రావడమే. ఇక్కడ ఒకదాని మెడ మీద చెయ్యి వేశాను, వేళ్లకు ఎర్రటి పొడి అంటింది. పైనున్న ఇసుకరాయి గట్టిది, కింది పొర మెత్తన. నిలువునా పడ్డ పగుళ్ల అంచులు ముందు అరిగి రాయి గుండ్రబడుతుంది. మెత్తటి పొరను వాన, గాలి, చలికి గడ్డకట్టే నీళ్లు కలిసి తినేస్తే మెడ సన్నబడుతుంది. దాదాపు 17 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అంచున పేరుకున్న ఇసుక, ఒండ్రుమట్టి ఇదంతా.

2013లో ఒక స్కౌట్ లీడర్ ఇక్కడ ఒక గోబ్లిన్‌ను తోసి పడేశాడు, పక్కవాడు వీడియో తీశాడు. ఇద్దరి మీదా కేసు పెట్టారు గానీ, మిగిలినవాళ్లకు మాత్రం లోయ మూసెయ్యలేదు. ఆ నమ్మకానికే ఈ పార్కుకు మార్కులు వెయ్యాలి.

మా మనవడు దిగీ దిగగానే "అమ్మమ్మా, నన్ను పట్టుకో చూద్దాం!" అని మాయమయ్యాడు. పిల్లలకు పచ్చ రంగో, నీలమో తొడగండి. ఎరుపు, గోధుమ రంగు చొక్కా వేశారో, పది అడుగుల్లో ఉన్నా కనిపించరు. మెడలో ఒక విజిల్ కూడా వెయ్యండి.

కింద నీడ అన్నది లేదు. బాత్రూములు గట్టు మీదే, శుభ్రంగానే ఉన్నాయి. అక్కడే నీడన బల్లలున్నాయి. పులిహోర విప్పామో లేదో గాలి లేచింది, సగం ఇసుకే తిన్నాం. మూత ఉన్న డబ్బాలు తెచ్చుకోండి. క్యాంపు చోట్లు, గుడారాల్లాంటి యర్ట్‌లు ముందే బుక్ చేసుకోవాలి. మాకు దొరక్క దగ్గర్లో ఒక మోటెల్లో దిగాం, ఏసీ మోతకు నిద్ర లేదు. క్యాంపులో ఉన్నవాళ్లకు చుక్కల ఆకాశం అదనం. 2016లో దీనికి డార్క్ స్కై పార్కుగా, అంటే దీపాల వెలుగు లేని చీకటి ఆకాశమున్న చోటుగా, గుర్తింపు వచ్చింది.

అయిదుకు నాలుగు. ఎండకు ఒకటి కోశాను. అక్టోబరులో, సాయంత్రం నాలుగు దాటాక వెళితే అదీ కోయక్కర్లేదు.