ముసలి ల్యాబ్రడార్ కుక్కని తెచ్చుకున్న ఏడాదిన్నరకి రివ్యూ: మందుల కన్నా మ్యాట్లే ఎక్కువ పనిచేశాయి

తిండి తూకం, థైరాయిడ్ టెస్టు, వారానికి ఒంటి బరువులో ఒకటి రెండు శాతం మించి తగ్గనివ్వకూడదు లాంటివి ఏ డాక్టరైనా చెప్తారు, అవి వదిలేస్తా. నాకు చెప్పాలనుంది ఇంట్లో నేల గురించి. నున్నటి టైల్స్ మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు.

మా రాజా తొమ్మిదేళ్లప్పుడు వచ్చాడు, 42 కిలోలు, ఎక్స్‌రే తీస్తే వెనక కీళ్లు రెండూ అరిగిపోయి ఉన్నాయి. నొప్పి మాత్రలు రాశారు (మనం వేసుకునే మాత్రలు మాత్రం దయచేసి వెయ్యకండి, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కలకి విషం). మాత్రలు పడుతున్నా హాల్లో లేచేవాడు కాదు, నీళ్ల గిన్నె దగ్గరికి కూడా పోయేవాడు కాదు, లావు కదా బద్ధకం అన్నారు అందరూ. మా అత్తయ్యే పట్టుకున్నారు. "అమ్మాయ్, పార్కింగులో బాగానే తిరుగుతున్నాడుగా, లోపలికొస్తేనే ఎందుకు కూలబడతాడు? కాళ్లు కాదే, నేల జారతా ఉంది వాడికి" అన్నారు. చూస్తే నిజమే, పార్కింగులో గరుకు బండలు, హాల్లో అద్దంలాంటి టైల్స్, లేవబోతే వెనక కాళ్లు రెండూ చెరో పక్కకీ పోతున్నాయి, ఒకట్రెండు సార్లు అలా పడ్డాక ఇంక లేవడమే మానేశాడు.

పిల్లలు ఆడుకునే ఫోమ్ ముక్కలు వేశాం ముందు, అంచులు కొరికి మింగబోయాడు, తీసేశాం. తర్వాత జిమ్ముల్లో పరిచే నల్ల రబ్బరు మ్యాట్లు, పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నెకి, అక్కణ్ణుంచి గుమ్మానికి దారిలాగా వేశాం. గోళ్లు కత్తిరించి అరికాళ్ల మధ్య వెంట్రుకలు కూడా తీయించాం, గోళ్లు పెరిగితే అరికాలు నేలకి సరిగ్గా ఆనదు. ఆ వారంలోనే తనంతట తను లేచి గుమ్మం దాకా వచ్చాడు. లేవడం మొదలయ్యాకే నడక, నడక మొదలయ్యాకే బరువు దిగింది, ఇప్పుడు 32.

అంతా మ్యాట్ల మహిమే అంటే అబద్ధం అవుతుందిలెండి, తిండి కొలిచి పెట్టకపోతే ఏ మ్యాటూ ఏం చెయ్యదు. ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు వాటికి ఆకలిని అదుపులో పెట్టే పీఓఎంసీ జీన్‌లో లోపం ఉంటుందని 2016లో కేంబ్రిడ్జి వాళ్లు తేల్చారట, అది చదివి వినిపించాకే అత్తయ్య పెరుగన్నం ముద్దలు ఆగాయి. మధ్యలో టిక్ ఫీవర్ (పిడుదులు కుట్టి వచ్చే జ్వరం) వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి, నడక మళ్లీ మొదటికొచ్చింది. పిడుదుల మందు నెల తప్పకూడదు.

ఇంకో తలనొప్పి ఎండాకాలం. మాది విజయవాడ, మే నెలలో ఏ కుక్కైనా రబ్బరు మీద పడుకుంటుందా? చల్లగా ఉంటుందని టైల్స్ మీదకే పోతాడు, లేవలేక అరుస్తాడు. టైల్ మీద పడుకున్నా లేచేటప్పుడు వెనక కాళ్లు ఆనేలా పక్కనే ఓ మ్యాట్ జరుపుతున్నాం, ఎవరో ఒకరు ఇంట్లో ఉంటేనే కుదిరే పని అది. కొత్తలో రబ్బరు వాసన కూడా బాగానే కొడుతుంది.

మాది గ్రౌండ్ ఫ్లోర్, నాకు ఇంటి నుంచే పని, అత్తయ్య పగలంతా ఉంటారు, అందుకే నెట్టుకొచ్చాం. లిఫ్ట్ లేని మూడో అంతస్తు వాళ్లయితే ఈ సైజు ముసలి కుక్కని తెచ్చుకోమని నేను చెప్పలేను, షెల్టర్లలో చిన్న సైజు ముసలివి కూడా ఉంటాయి, ముందు వాటిని అడగండి.